లిలీపుష్ప లాంఛనము – దాని యక్షరసంఖ్య

తూర్పుచాళుక్యుల తామ్రశాసనములను జూచినవారికి వాని ముద్రికలు తెలిసినవే. రాగిఱేకులను గ్రుచ్చిన కడియమున కతికించిన యా గుండ్రని ముద్రికమీఁద "శ్రీ త్రిభువనాంకుశ" యను నక్షరము లుండును, వరాహమును నుండును. శాసనమును బ్రకటించు పండితుఁ డా యక్షరములను జదివి తెలుఁగులోనో నాగరిలోనో యచ్చు వేయించును. వరాహమును మాత్రము "వరాహలాంఛనము గలదు" అని యొక వాక్యమునఁ జెప్పి ముందునకు సాగును. అక్షరమునకుఁ బ్రతిలిపి కలదు. బొమ్మకు వర్ణనమే కాని ప్రతిలిపి లేదు. ఈ భేదమును మనము నిత్యము పాటించుచున్నాము గాని దానికి హేతు వేమో విచారించుట యరుదు.

ఈ వ్యాసమున విచారింపఁబూనినది మన వరాహమును గూర్చి కాదు. ఐరోపాఖండమునందలి యొక పుష్పలాంఛనమును గూర్చి. ఫ్రెంచిభాషలో దానిని "ఫ్లర్ ద లీస్" అందురు, లిలీపుష్పమని యర్థము. ఎనిమిది శతాబ్దములకు మించి డాళ్లమీఁదను జెండాలమీఁదను బొమ్మగా నుండిన యీ లాంఛనము 2005వ సంవత్సరమున నక్షరముల పట్టికలోఁ జేరి, మన యకారమునకువలెనే యొక సంఖ్యను బొందినది. బొమ్మ యక్షరమైనప్పుడు దానియం దేమి నిలిచినది, ఏమి జాఱిపోయినది యను ప్రశ్న కేవలము వినోదార్థమైనది కాదు. మన శాసనములను, తాళపత్రములను గణనయంత్రముల కెక్కించు పని నేఁడు సాగుచున్నది. అక్షరమో బొమ్మయో తేల్చుకొనవలసిన గుఱుతులు వానియందుఁ బెక్కులు గలవు. పరదేశపుఁ బువ్వు విషయమున జరిగినదానిని జూచినచో మన యింటిపని కొంత సుకరమగును.

ఈ పుష్పముయొక్క రూపము పాఠశాలాపండితులకుఁ గ్రొత్తది కాదు. భారత్ స్కౌట్స్ అండ్ గైడ్స్ సంస్థవారి చిహ్నమునం దున్న మూఁడు రేకుల పువ్వే యిది. నడిమి రేకు బల్లెపు మొనవలె నిలువుగా నుండును. ఇరుప్రక్కల రేకులును వెలుపలికి వంగి క్రిందికి వాలును. మూఁటిని నొక యడ్డుపట్టీ బిగించియుండును. దిక్సూచియం దుత్తరదిశను జూపుటకును దీనినే వ్రాయుట కలదు. ఇది నిజముగా లిలీయా, నీటియొడ్డున మొలచు పసుపుపచ్చని ఐరిసు పుష్పమా, కాక బల్లెపు మొనయే పువ్వుగాఁ బరిణమించినదా యను వాదము చిరకాలమునుండి యున్నది. ఆ వాద మిచట మన కక్కఱలేదు. క్లోవిసు రాజునకు స్వర్గమునుండి యీ పుష్పము వచ్చెనను కథ యాతని తరువాత శతాబ్దములకుఁ బుట్టిన కల్పనము.

ఫ్రెంచిరాజులకు దీనితోడి సంబంధము పండ్రెండవ శతాబ్దమున దృఢపడినది. 1211వ సంవత్సరమున నప్పటికి యువరాజుగా నుండి తరువాత ఎనిమిదవ లూయీ యను పేర రాజైనవాని ముద్రికమీఁద డాలునిండఁ బువ్వులు చల్లినట్లు కానవచ్చుచున్నవి. నీలపు డాలు, దానిమీఁద లెక్కకు రాని బంగారుపువ్వులు: ఇది ప్రాచీనరూపము. 1376 ప్రాంతమున నయిదవ చార్లెసు వానిని మూఁటికిఁ దగ్గించెను. 1340లో ఇంగ్లండు రాజగు మూఁడవ ఎడ్వర్డు ఫ్రాన్సు సింహాసనము తనదేయని వాదించి, తన డాలును నాలుగు భాగములుగా విభజించి, రెంటియందు ఫ్రెంచిపువ్వులను నిలిపెను. 1558లోఁ గలే పట్టణమును గోలుపోయిన పిమ్మటఁగూడ నా పువ్వు లింగ్లండు రాజుల డాలుమీఁద నట్లే యుండెను. అవి తొలఁగినది 1801లో. రాజ్యము పోయినను లాంఛనము పోని యుదాహరణములు మన చరిత్రయందును లేకపోలేదు.

ఫ్లారెన్సు నగరమువారి పుష్పమును నిదియే. వారి కథ మన విషయమునకు మిక్కిలి యుపకరించును. 1251 వఱకు వారిది ఎఱ్ఱని క్షేత్రమునఁ దెల్లని పువ్వు. ఆ యేఁట గుయెల్ఫు పక్షమువారు తమ విరోధులగు గిబెల్లీనులను నగరమునుండి వెడలఁగొట్టి, రంగులను దాఱుమాఱు చేసి, తెల్లని క్షేత్రమున నెఱ్ఱని పువ్వును నిలిపిరి. రేకులు మాఱలేదు, సంఖ్య మాఱలేదు, రంగు మాఱినంతనే యొక పక్షపు లాంఛనము మఱియొక పక్షపు లాంఛనమైనది. మఱుచటి సంవత్సరమున, అనఁగా 1252లో, వారు ముద్రించిన ఫ్లోరినను బంగారునాణెముమీఁద నీ పువ్వే కలదు. అయితే నాణెమునకు రంగు లేదు. ఆ నాణెమును మాత్రమే చూచినవాఁడు డాలుమీఁద నెఱ్ఱనిది తెల్లనిదానిపై నున్నదో, తెల్లని దెఱ్ఱనిదానిపై నున్నదో చెప్పఁజాలఁడు. గణనయంత్రములయం దీ పుష్పమునకుఁ బట్టిన గతియు సరిగా నిదియే.

లాంఛనశాస్త్రజ్ఞు లీ చిక్కు నెఱుఁగనివారు కారు. వారు డాలును బొమ్మగాఁ గాక వాక్యముగా భద్రపఱచిరి. ఫ్రెంచిరాజుల డాలునకు వారి వాక్యమునఁ జెప్పఁబడినది మూఁడే విషయములు: క్షేత్రము నీలము, పువ్వులు మూఁడు, వాని రంగు బంగారము. రేకు లెంత వంగవలెనో, పట్టీ యెంత వెడల్పుండవలెనో వాక్యమునందు లేదు. చిత్రకారుఁడు తన యిచ్చవచ్చినట్లు వ్రాయవచ్చును. పదుమూఁడవ శతాబ్దమున సన్నగా వ్రాసినను, పదునెనిమిదవ శతాబ్దమున లావుగా వ్రాసినను లాంఛన మొక్కటే. రంగును మాత్ర మణుమాత్రము మార్చరాదు. మనకు సామ్యము కావలెనన్న దేవతల ధ్యానశ్లోకములను దలఁచుకొనవచ్చును. ఆయుధములు, వర్ణము, వాహనము శ్లోకమునం దుండును. ముక్కు తీరు శిల్పిదే.

అచ్చుయంత్రము వచ్చినపుడు మఱియొక చిక్కు కలిగినది. నల్లసిరాతోఁ దెల్లకాగితముమీఁద నీలమును, బంగారమును జూపుట యెట్లు? సిల్వెస్టరు పెట్రసాంక్ట యను జెసూట్ పండితుఁడు 1638లోఁ బ్రకటించిన గ్రంథమున నొక పద్ధతిని బ్రచారమునకుఁ దెచ్చెను. చుక్కలు బంగారము, ఏమియు గీయక విడిచినది వెండి, అనఁగాఁ దెలుపు, నిలువుగీఁత లెఱుపు, అడ్డుగీఁతలు నీలము, ఏటవాలుగీఁతలు పచ్చ, నిలువు నడ్డమును గలసిన గళ్లు నలుపు. నాఁటినుండి చెక్కడపుఁ బనివా రీ పద్ధతినే యనుసరించిరి. పాత ముద్రలమీఁదను, పలకలమీఁదను సన్నని గీఁతలను జూచి యివి కేవలాలంకారములని తలఁచువారు కలరు, అవి రంగులు. రంగును గీఁతగాఁ జదువ నేర్చినవానికి నల్లబొమ్మయే వన్నెల డాలు.

రంగు సంగతి యింత గట్టిగాఁ జెప్పుటకు మఱియొక కారణము కలదు. ఫ్రాన్సున రాజ్యము పోయి, మరలివచ్చి, మరలఁ బోయిన పిదప, 1871లో బూర్బను వంశపు వారసుఁడగు షాంబోరు ప్రభువునకు సింహాసనము చేతి కందునంత దూరములో నుండెను. నాఁటి శాసనసభయందు రాజపక్షమువారే యధికులు. వారు కోరినది త్రివర్ణపతాకము నంగీకరింపుమని మాత్రమే. ఆయన పూర్వుల తెల్లజెండాను విడువ నొల్లక ప్రకటన మొకటి చేసెను. 1873లో మరల జరిగిన ప్రయత్నమును నీ కారణముచేతనే విఫలమైనది. ఫ్రాన్సు గణరాజ్యముగా నిలిచిపోయినది. ఒక గుడ్డ రంగుకొఱకు రాజ్యమును వదలుకొన్నవానిని మూఢుఁడనువారును గలరు, మానధనుఁడనువారును గలరు. లాంఛనమున రంగు చిన్నవిషయము కాదనుటకు మాత్ర మింతకన్న నిదర్శన మక్కఱలేదు.

ఈ పువ్వుచరిత్ర యంతయు సువాసనాభరితము కాదు. పదునాలుగవ లూయీ 1685లోఁ దన ద్వీపరాజ్యములలోని బానిసలకొఱకు వెలువరించిన శాసనమున, పాఱిపోయి నెలదినములు కానరాని బానిసకుఁ జెవులు కోసి యొక భుజముమీఁద లిలీపుష్పపు వాఁత వేయవలెనని విధింపఁబడినది. రెండవమాఱు పాఱిపోయినచోఁ గాలి నరమును గోసి రెండవ భుజముమీఁద వాఁత, మూఁడవమాఱు మరణదండనము. రాజు డాలుమీఁది పువ్వే బానిస భుజముమీఁదను. 1724లో లూయిసియానాకును నిట్టి శాసన మేర్పడినది. ఆ దేశపు ముఖ్యనగరమగు న్యూ ఆర్లియన్సున నేఁడీ పువ్వు నగరచిహ్నము. దానిని గర్వముతో ధరించువారును, ఈ కథను దలఁచి ధరింప నొల్లనివారును గలరు. లాంఛనమును గూర్చి వ్రాయువారు డాళ్లను, కిరీటములను మాత్రము వర్ణించి యీ వాఁతను విడిచిపెట్టుట న్యాయము కాదు.

మన దేశమునకు నీ పువ్వు వచ్చినది. ఫ్రెంచివారు 1669లో మచిలీపట్టణమున వర్తకస్థాన మేర్పఱచుకొనిరి. 1753లో బుస్సీ దొర యుత్తర సర్కారులను సంపాదించెను. 1759లో మచిలీపట్టణ మింగ్లీషువారి వశమైనది. యానాము మాత్రము 1954 వఱకు ఫ్రెంచివారి పాలనమున నుండెను. పుదుచ్చేరియందు వారు ముద్రించిన "దూదూ" యను రాగినాణెమునకు నొకవైపున లిలీపుష్పము, రెండవవైపునఁ దమిళాక్షరములలోఁ బుదుచ్చేరి యను పేరును గలవు. అటు బొమ్మ, ఇటు నక్షరము. చాళుక్యముద్రికయం దొకేవైపున నున్న రెండును రాగినాణెమునఁ జెఱియొకవైపున నున్నవి. ప్రశ్న మాత్ర మదియే.

ఇఁక గణనయంత్రముల సంగతి. యంత్రమునకు సంఖ్యయే కాని రూపము తెలియదు. ఏ యక్షరమున కే సంఖ్య యను నియమమును ముందుగా నేర్పఱచుకొని, సంఖ్యను బంపినచో నవతలి యంత్రము తనయొద్ద నున్న యచ్చుల పేటికనుండి తగిన రూపమును దీసి చూపును. 1963లో నమెరికాదేశమున నేర్పడిన పట్టికయందు స్థానములు 128 మాత్రమే. అందు రోమను లిపికిఁ జాలినంత చోటే కలదు. తెలుఁగునకును లేదు, లిలీపుష్పమునకును లేదు. కావున నలంకారములు కావలసినవా రొక యుపాయము పన్నిరి. రోమను అక్షరము లుండవలసిన స్థానములలోఁ బువ్వులను, నక్షత్రములను, హస్తములను జెక్కిన ప్రత్యేకపుటచ్చుల పేటికలను సిద్ధము చేసిరి. హెర్మన్ జాఫ్ అను జర్మను శిల్పి 1978లోఁ బ్రకటించిన యలంకారముల పేటిక వీనిలో సుప్రసిద్ధము. అయితే యంత్రము లోపల నిలిచినది రోమను అక్షరపు సంఖ్యయే. కంటికి మాత్రము పువ్వు. ఆ పేటిక లేని యంత్రమున కా పత్రమును బంపినచోఁ బువ్వు మాయమై యర్థములేని యక్షర మొకటి ప్రత్యక్షమగును.

తెలుఁగువారి కీ బాధ యెట్టిదో చెప్పనక్కఱలేదు. రోమను స్థానములలోఁ దెలుఁగు రూపములను నిలిపి యచ్చువేసిన గ్రంథము లసంఖ్యాకములు. ఒక మిత్రుని యొద్ద నట్లు కూర్చిన శాసనసంపుట మొకటి యుండెను. క్రొత్తయంత్రమునం దదే పత్రమును దెఱచి చూడఁగాఁ బుటలనిండ విసర్గములవంటి చుక్కలును రోమను అక్షరములును దక్క నొక్క తెలుఁగు వర్ణమైనఁ గానరాలేదు. మూఁడు సంవత్సరముల శ్రమ. కాగితపుఁ బ్రతి యొకటి మిగిలియుండుటచేతనే దానిని మరలఁ గూర్పఁగలిగితిమి.

ఈ గందరగోళమును దొలఁగించుటకే ప్రపంచమునందలి లిపులన్నింటికి నొకే పట్టికగా యూనికోడ్ ప్రమాణ మేర్పడినది. దాని ప్రథమభాగము 1991లో వెలువడినది. 1988 నాఁటి భారతీయప్రమాణము ననుసరించి తెలుఁగు వర్ణములకు దానియందు వరుస యేర్పడినది. మొత్తము స్థానములు 11,14,112. నేఁటికి నిండినవి లక్షన్నరకుఁ బైచిలుకు. 2005వ సంవత్సరము మార్చినెలలో వెలువడిన 4.1వ ప్రకటనమునఁ గ్రొత్తగాఁ జేరిన 1,273 వర్ణములలో లిలీపుష్ప మొకటి. దాని సంఖ్య 9884. దానికి సరిగా ముందు పరమాణుచిహ్నము, దానికి ముందు గ్రీకుదేవుఁడగు హెర్మీసు దండము, మఱికొంత ముందు లంగరును, పెనవైచిన కత్తులును, త్రాసును గలవు. రాజుల పువ్వునకు దొరకిన పొరుగు లివి.

యంత్రకోవిదులు 9884 అనక, పదునాఱింటిని మూలముగాఁ గొన్న గణనమున వ్రాయుదురు. అందు నాలుగు స్థానములు వరుసగా 2, 6, 9, 12. ఒకటి 4096లును, 256లును, 16లును, ఒకట్లును నగుటచే 8192, 1536, 144, 12, కూడఁగా 9884. దీనిని బంపునపుడు 226, 154, 156 అను మూఁడు బైట్లుగాఁ బంపుట సర్వత్ర వాడుక. మన యకారపు సంఖ్య 3077. అదియు 224, 176, 133 అను మూఁడు బైట్లే. ఫ్రెంచిరాజుల పువ్వునకును దెలుఁగువారి యకారమునకును యంత్రమార్గమున రవాణావ్యయ మొక్కటే యనుట కొందఱికి సంతోషము కలిగింపవచ్చును.

ఛందశ్శాస్త్రము చదివినవారి కిచట నొక సందేహము తోఁపకమానదు. మన ప్రస్తారమునందును బ్రతివృత్తమునకు నొక సంఖ్య కలదు గదా! ఇరువది యక్షరముల కృతిచ్ఛందమున నుత్పలమాల 355799వ వృత్తము. ఉద్దిష్టముచే రూపమునుండి సంఖ్యను, నష్టముచే సంఖ్యనుండి రూపమును దీయవచ్చును. మఱి లిలీపుష్పపు 9884 యును నిట్టిదేనా? కాదు. ఉత్పలమాల సంఖ్యను సగములు చేసికొనుచుఁ బోయినచో గురులఘువులు వరుసగా వచ్చి నిలుచును. ఆ సంఖ్యయందే వృత్తముయొక్క దేహ మున్నది. 9884ను ఎన్నిమాఱులు సగము చేసినను రేకు కనఁబడదు. అది స్వరూపమునుండి పుట్టిన సంఖ్య కాదు. చేరిన వరుసనుబట్టి యిచ్చిన యింటిసంఖ్య. ఆ యింట నెవ్వరున్నారో పట్టికను జూచియే తెలియవలెను. మన పింగళాదుల పద్ధతికిని నేఁటి పద్ధతికిని సామ్యము చెప్పి మురియువారు కలరు గావున నీ భేదము చెప్పవలసివచ్చినది.

పట్టికలో నా సంఖ్యకు నెదుర నున్నవి రెండే: ఒక పేరు, ఒక నమూనారూపము. నమూనా నమూనాయే కాని శాసనము కాదని ప్రమాణకర్తలే చెప్పుచున్నారు. రేకుల వంపు అచ్చుచెక్కువాని యిచ్చ. ఇంతవఱకు లాంఛనశాస్త్రజ్ఞుల పద్ధతియు నిదియే గావునఁ దగవు లేదు. స్థిరత్వము విషయమునఁ బ్రమాణకర్తలు వారికన్నఁ గఠినులు. ఒకమా ఱిచ్చిన సంఖ్యను దీసివేయరు. పెట్టిన పేరును మార్చరు. 2005 నాఁటి యా 4.1వ ప్రకటనముననే నిలువు వ్రాఁతకుఁ జెందిన యొక కుండలీకరణచిహ్నము పేరున రెండక్షరములు తాఱుమాఱైనవి. ఆంగ్లమున "బ్రాకెట్" అని యుండవలసినచోట వర్ణవ్యత్యయ మేర్పడినది. ఆ తప్పు నేఁటికి నట్లే యున్నది. ప్రక్కన సవరణనామ మొకటి చేర్చిరి గాని మూలమును ముట్టలేదు. లేఖకప్రమాదమును దిద్దక పాఠాంతరముగాఁ జూపు పరిష్కర్తలకు నీ నియమము నచ్చును.

తగవున్నది రంగు విషయమున. వర్ణమునకు వన్నె యుండదనుట ప్రమాణముయొక్క మూలసూత్రము. 9884 అను సంఖ్యయందు నీలము లేదు, బంగారము లేదు, మూఁడని లేదు. ఫ్లారెన్సు పువ్వును, ఫ్రెంచిపువ్వును, బానిస భుజముమీఁది వాఁతయును దానికి సమానమే. 2015లో నీ పుష్పము నెమోజీల పట్టికలోఁ జేర్చుటతోఁ జిక్కు మఱింత ముదిరినది. నాఁటినుండి దీనికి రెండు వేషములు: అచ్చుసిరా వన్నెతోఁ గానవచ్చు నక్షరవేషము, రంగులతోఁ గానవచ్చు బొమ్మవేషము. వెనుకనే 65038 అను సంఖ్యను జేర్చినచో మొదటిది, 65039ని జేర్చినచో రెండవది కోరినట్లు. ఏదియుఁ జేర్పనిచో నక్షరవేషమే యుచితమని నియమము. అన్ని యంత్రములు నా నియమమును సమానముగాఁ బాటింపవు. కావున నే నల్లగా వ్రాసిన పువ్వు చదువరి యంత్రమున బంగారుపువ్వు కావచ్చును. 1251లో రంగు మార్చుటకు నొక పక్షము నగరమునుండి వెడలవలసివచ్చెను. నేఁడు పత్రము నొక యంత్రమునుండి మఱియొక యంత్రమునకుఁ బంపినఁ జాలును.

జెండాల విషయమున వారు వేఱుమార్గము త్రొక్కిరి. 2010లోఁ జేర్చిన యిరువదియాఱు ప్రత్యేకాక్షరములలో రెంటిని జతపఱచినచో దేశపు సంకేతనామ మేర్పడును. యంత్ర మా జతకు నా దేశపు జెండాను జూపును. ఇందు గుఱుతింపఁబడినది దేశమే కాని జెండా కాదు. బోస్నియా దేశపు జెండాపై 1992 మొదలు 1998 వఱకు నాఱు బంగారు లిలీపుష్పములు గల నీలపు డాలుండెను. కొట్రొమానిచ్ వంశపు ప్రాచీనరాజుల లాంఛన మది. ఆ పువ్వు లొక్క జాతివారివేయని యితరు లభ్యంతరము చెప్పఁగా, 1998 ఫిబ్రవరిలోఁ బువ్వులు లేని జెండా వచ్చినది. రెండక్షరముల జత యా దేశమును సూచించును గాన బొమ్మ మాఱినను సంకేతము మాఱనక్కఱలేదు. వెనుకటి జెండాను వ్రాయఁగోరిన చరిత్రకారునకు మాత్ర మా పద్ధతియందుఁ జోటు లేదు. నాలుగు తెల్లని లిలీపుష్పములతో 1948వ సంవత్సరము జనవరి 21వ తేదీన నెగురవేయఁబడిన క్యుబెక్కు జెండాకు, అది దేశము కాక కెనడాలోని యొక రాష్ట్రమగుటచే, సర్వసామాన్యమైన సంకేత మింతవఱకు లేదు.

ఇట్లున్నందువలనఁ బ్రమాణకర్తలను దూఱుట పాడి కాదని నా తలంపు. అక్షరపట్టిక లాంఛనకోశము కాదు. పంక్తిలో నక్షరముల నడుమ నిలిచి, వానితోఁ గలిసి చదువఁబడు గుఱుతునకే దానియందు స్థానము. లిలీపుష్ప మచ్చుపుస్తకములలోఁ బంక్తుల నడుమ నలంకారముగా నుండినది గనుక దాని చేరిక సమంజసమే. చేరినది పుష్పము; డాలు కాదు. ఈ యెఱుక యున్నచో మోసపోవుట లేదు.

మన లిపి విషయమున నిదే సూత్రము వర్తించినది. 2008లోఁ బ్రాఁతలెక్కలయందలి భిన్నాంకములు 3192 మొదలు 3198 వఱకును, తూము గుఱుతు 3199గాను జేరినవి. ఇవి పంక్తిలో వ్రాయఁబడునవి గావున వివాదము లేదు. 2014లోఁ బ్రాచీనశాసనములందలి ఴకారము 3124గాఁ జేరినది. 2019లోఁ జేరిన సిద్ధచిహ్నము మిక్కిలి విచారింపఁదగినది. శాసనారంభమున నుండు నా సుడివంటి గుఱుతును గొంద ఱోంకారమని, కొందఱు "సిద్ధమ్" అని చదివి, తాము చదివిన మాటనే యచ్చువేయించిరి. అచ్చుప్రతిని మాత్రము చూచువానికి శిలమీఁద నున్నది మాటయో గుఱుతో తెలియదు. ఇప్పుడు దానికి 3191 అను సంఖ్య యుండుటచేఁ బరిష్కర్త తన నిర్ణయమును బాఠకునిపై రుద్దక, గుఱుతును గుఱుతుగానే నిలుపవచ్చును. ఇచట మాటకన్న సంఖ్యయే మేలు. లిలీపుష్పపు వన్నెవిషయమున సంఖ్యకన్న మాట మేలు. రెంటికి నొకే నియమము చెప్పుట పొరపాటు.

వరాహలాంఛనమునకును, గండభేరుండమునకును సంఖ్యలు సంపాదింపవలెనని కొందఱు మిత్రులు వాదింతురు. వారి యభిమానము మెచ్చఁదగినదే. అయితే చాళుక్యముద్రికయందలి వరాహము "శ్రీ త్రిభువనాంకుశ" యను పంక్తిలోని యక్షరము కాదు. దానికి వేఱుగా నిలిచిన బొమ్మ. దానికి సంఖ్య దొరకిన పిమ్మటఁ గలుగు ఫలము లిలీపుష్పమునకుఁ గలిగినదే: ఏ రాజవంశపు వరాహమైనను, చాళుక్యులదైనను గాకతీయులదైనను, ఒకే సంఖ్యగా నిలుచును, ముఖ మెడమవైపో కుడివైపో యచ్చుచెక్కువాని యిచ్చ యగును. ఈ రెంటిని వేఱుపఱచుటకే గదా శాసనపరిశోధకులు ముద్రికలను బరీక్షించునది.

కావున నాణెములను, ముద్రికలను, పత్రములను యంత్రముల కెక్కించువారు పాటింపఁదగిన పద్ధతి యిట్లుండవచ్చును. పుదుచ్చేరి రాగినాణెమునుగూర్చి వ్రాయునపుడు, ఒకవైపునఁ దమిళాక్షరములను దమిళాక్షరములుగానే యెక్కింపవలెను. రెండవవైపునఁ గల పువ్వును 9884తోఁ జూపి యూరకుండక, "ఒంటి లిలీపుష్పము, రంగు లేదు" అని వాక్యముగాఁ జెప్పవలెను. నాణెపు ఛాయాచిత్రమును జతపఱుపవలెను. డాలు చెక్కిన పలకమీఁదఁ జుక్కలును నడ్డుగీఁతలును గానవచ్చినచో బంగారము, నీలము నని గుఱుతించి వ్రాయవలెను. గీఁతలు లేనిచోఁ గ్రొత్తగా రంగును గల్పింపరాదు. ప్రాఁతపుస్తకమున రెండు వాక్యముల నడుమ నలంకారముగా నీ పువ్వు పడియున్నచో నచట మాత్రము 9884ను, దాని వెనుక 65038ని, నిస్సంకోచముగా వాడవచ్చును. అది యక్షరముల నడుమనే పుట్టినది.